పొగలు లెక్కపెట్టిన రోజులు

నాకు కుదురు తక్కువ. ఇది రాయడానికి కూర్చున్నాక ఇప్పటికి మూడుసార్లు లేచాను. నంద్యాలలో మా ఇంటి వెనక అంతా వరి పొలాలే. కోతలు అయిపోయాయి, ఎవరో కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టారు. ఆ వాసన తగిలితే చాలు, నా కాలు ఒకచోట నిలవదు. మిద్దె ఎక్కి గాలి ఎటు వీస్తున్నదో, ఆ వైపు ఎవరి ఇళ్ళున్నాయో చూసి వస్తేనే గాని మళ్ళీ కలం పట్టలేను. మా ఆవిడ దీన్ని ఉద్యోగం జబ్బు అంటుంది. ఆమె అన్నది నిజమే.

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. ప్రమోషన్లు ఎప్పుడొస్తాయి, ఏ ఊరు మంచిది అని అడుగుతారు. ఆ సంగతులు ఆఫీసు గుమాస్తాలు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పగలిగింది 1953 నుంచి 1960 దాకా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల చేసిన పని గురించి, ఆ పనిలో చేసిన ఒక తప్పు గురించి. తప్పు అనడం కూడా నన్ను నేను వెనకేసుకురావడమే. చదివాక మీరే ఒక పేరు పెట్టుకోండి.

అదే సైకిలు, అదే నోరు

నన్ను వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు, ఊళ్ళు తిరిగి రైతులకు సేద్యం పద్ధతులు చెప్పే పని. జనం పిలుపు "యవసాయం సారు". ఒక సైకిలు, ఒక గొడుగు, ఒక సంచీలో కరపత్రాలు. మొదటి కొన్ని నెలలు నంద్యాలలో ఉండి పని నేర్చుకోమన్నారు.

గడివేముల దగ్గర ఒక రైతు జొన్న కొయ్యలు కాలుస్తుంటే సైకిలు దిగి ఉపన్యాసం మొదలుపెట్టాను. భూమికి పోవలసిన సత్తువంతా పొగై ఆకాశానికి పోతున్నదని, దున్ని కలిపేస్తే ఎరువు అవుతుందని. పుస్తకంలో ఉన్నదంతా ఒప్పజెప్పాను. ఆయన చేతిలో మండుతున్న చొప్పకట్ట పట్టుకొని ఓపిగ్గా విన్నాడు.

"అయిపాయెనా సారూ? ఈ కొయ్యలు తగిలి ఎద్దు కాలు తెగితే, నువ్వొచ్చి కాడి మోస్తావా?" అని అడిగాడు.

ఆయన నిప్పు పెట్టుకుంటూ ముందుకు పోయాడు.

ఇది మొదటి ఏడు. తర్వాత ఆళ్ళగడ్డకు వేస్తే, అక్కడి ఊళ్ళలోనూ అదే ఉపన్యాసం ఇచ్చాను. మూడో ఏడు నల్లరేగడిలో పత్తికి గులాబిరంగు కాయపురుగు పడింది. పత్తి ఏరుకున్నాక చెట్టుకు మిగిలిపోయే ఎండు కాయల్లో ఆ పురుగు దాక్కుంటుంది, మళ్ళీ పంట వేసేదాకా అందులోనే బతుకుతుంది. కాబట్టి ఏరుడు కాగానే పత్తికట్టె అంతా పీకి, పొలంలోనే కుప్పవేసి కాల్చాలని ఉత్తర్వు. ఇప్పుడు అదే ఊళ్ళకు వెళ్ళి, కాల్చకపోతే ఊరుకోనన్నాను. మొదటిసారి కాల్చొద్దన్నదీ నేనే, ఇప్పుడు కాల్చమన్నదీ నేనే. అదే సైకిలు, అదే నోరు. జనం నవ్వారంటే వాళ్ళ తప్పేమీ లేదు.

ఒక సంగతి నాకు తట్టనేలేదు. ఆ ఊళ్ళలో పొయ్యిలోకి పత్తికట్టె తప్ప వేరే కట్టె లేదు. నల్లమల అడవి దూరం, పేడంతా ఎరువుకే పోతుంది. ఏడాది వంట మొత్తం ఆ కట్టె మీదే. నేనప్పటికి పెళ్ళి కానివాణ్ణి, ఆళ్ళగడ్డలో హోటలు కూడు తినేవాణ్ణి. పొయ్యి ముందు ఒక్క పూట కూర్చున్నవాణ్ణి కాను. ఏడాది వంటచెరుకును ఒక్క పొద్దులో తగలబెట్టమని ఇంటింటికీ చెప్పి వచ్చాను. మగవాళ్ళంతా తల ఊపారు. వాళ్ళ వెనక తలుపు చాటున నిలబడ్డ ఆడవాళ్ళను నేను ఒక్క మాట అడగలేదు.

కల్వర్టు మీద పెద్దాయన

మా పై అధికారి నంద్యాల నుంచి జీపులో వచ్చేవాడు. పేరెందుకు, పెద్దాయన అనుకుందాం. గోదావరి వైపు మనిషి. ఆయన గురించి చెడ్డగా రాయబుద్ధి కాదు. రైతు ఇచ్చిన వంకాయ కూడా జీపులో పెట్టనిచ్చేవాడు కాదు. మట్టిని వేళ్ళ మధ్య నలిపి అందులో ఏం పండుతుందో చెప్పడం నాకు నేర్పింది ఆయనే. అయితే ఆయనకు మోకాలు నొప్పి. పగుళ్ళు విచ్చిన నల్లరేగడి చేలో పది అడుగులు వేయలేడు. అందుకని రోడ్డు మీద కల్వర్టు గట్టెక్కి నిలబడి, చుట్టూ ఎన్నిచోట్ల పొగ లేస్తున్నదో లెక్కపెట్టేవాడు.

"ఏమయ్యా, ఆ మూల పొగ లేదే?" అనేవాడు.

"రేపు లేస్తుంది సార్."

అలా మా పని కొలత పొగ అయింది. పురుగు చచ్చిందా అని ఎవరూ అడిగేవారు కాదు. ఎన్ని పొగలు అనేదే మాట. పక్క ఫిర్కా ఊళ్ళు చూసే డిమాన్‌స్ట్రేటరు, నేను కలిసినా అదే మాట్లాడుకునేవాళ్ళం. నాకూ రుచి పట్టింది. పొగ ఎక్కువ రావాలంటే కట్టె ఎలా పేర్చాలో, రోడ్డుకు ఏ చేను బాగా కనిపిస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. యవ్వనంలో ఉన్నవాడికి పై అధికారి మెప్పు కల్లు లాంటిది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

దేవదానం అయ్యవారు అడిగింది

ఆళ్ళగడ్డ నుంచి చాగలమర్రి వెళ్ళే దారిలో ఒక ఊరు. పేరు రాయను, ఆ కుటుంబాల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. ఊరి బయట, రోడ్డుకు ఒక చేను లోపల, పల్లంలో మిషన్ బడి. దానికి ఆనుకొని పెంకుటింట్లో అయ్యవారు దేవదానం, ఆయన భార్య రూతమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. బడికి, రోడ్డుకు మధ్య ఉన్న ఆ పెద్ద చేను రామసుబ్బారెడ్డిది.

రూతమ్మకు ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడదు, జొన్నల బస్తాకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేది. ఉమ్మెత్తాకు పొగ పీలిస్తే తగ్గుతుందని ఎవరో చెప్తే పీల్చి మూడు రోజులు లేవలేదట. బాగున్న రోజుల్లో పిల్లలకు పాటలు నేర్పేది. నేను ఎండన పడి వెళ్తే మజ్జిగ ఇచ్చేది, నా చొక్కా గుండీ ఊడితే కుట్టి ఇచ్చేది.

"ఎప్పుడు జూసినా ఉరుకుతానే ఉంటావు. ఎవురు తరుముతాండారు సారూ నిన్ను?" అని నవ్వేది.

ఉత్తర్వు వచ్చిన రెండో వేసవి, 1956లో, బడికి సెలవులిచ్చిన కొత్తలో, దేవదానం నన్ను రోడ్డు మీద ఆపాడు. మెత్తని మనిషి, ఏదైనా అడగాలంటే ముందు గొంతు సవరించుకుంటాడు.

"సార్, కట్టె కాల్చొద్దని నేను అనను. సర్కారు పని. మీరు కాల్చే దినం మాత్రం ఒకరోజు ముందుగా నాకు చెప్పండి. మైదుకూరులో మా బామ్మర్ది ఉండాడు. ఆమెను పిల్చుకపోయి ఆడ రెండు దినాలు ఉంచుతా. పోయినేడు ఆ పొగకు సచ్చి బతికింది."

"నేనే వచ్చి చెబుతాను అయ్యవారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాను. చేతిలో చెయ్యి వేశాను కూడా.

పెద్దాయన వచ్చే పొద్దున్నే కాల్పించాలి, దానికి ఇంకా ఐదు రోజులున్నాయి. నాలుగో రోజు చెబితే చాలు. అంత తేలికైన మాట.

ఆ సాయంకాలం నేను తిరగని మలుపు

రెండో రోజు మధ్యాహ్నం నంద్యాల బస్సు డ్రైవరు చేత చీటీ వచ్చింది. టూరు మారింది, పెద్దాయన రేపు పొద్దున్నే వస్తున్నాడు. ముందు రోజే అకాలంగా ఒక పెద్ద జల్లు పడింది. కట్టె, చెత్త అంతా తడిసి ఉంది. అయినా సరే అనుకున్నాను. తడి కట్టెకు పొగ ఎక్కువ.

సైకిలెక్కి ఊరూరూ తిరిగాను. రామసుబ్బారెడ్డిని చేలోనే పట్టుకున్నాను. నెమ్మదైన మనిషి, ఎవరు చెప్పినా వింటాడు, ఏం చేస్తాడో ఆయనకే తెలియాలి.

"రేపు పొద్దున్నే మీ చేను అంటుకోవాలి రెడ్డీ. రోడ్డు పక్కది, అందరికంటే ముందు కనిపించేది."

"పచ్చిగుండాది గదప్పా."

"పొగ వస్తే చాలు."

ఆయన నా ముఖంలోకి ఒక్క నిమిషం చూసి, "పొగ జాలునా? సరేలే, పెడతాం" అన్నాడు.

అక్కడి నుంచి బడికి మలుపు కనిపిస్తూనే ఉంది. సైకిలు మీద ఐదు నిమిషాలు. సాయంత్రం మైదుకూరు బస్సు ఇంకా రాలేదు. చెబితే వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళు.

హడావుడిలో మరిచిపోయానని ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను. నాకు నేనూ అదే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. మలుపు దగ్గర సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాను. ఉన్నపళంగా చెబితే రూతమ్మకు కదిలే ఓపిక ఉండదేమో, దేవదానం పోయి ఒక్కరోజు ఆగమని రెడ్డిని బతిమాలుతాడేమో అనిపించింది. అయ్యవారి మాట రెడ్డి కాదనడు. రోడ్డు పక్క చేనే మండకపోతే పెద్దాయన ముందు నా ముఖం ఏం కావాలి? ఒక్క పొద్దు పొగకు ఏమవుతుందిలే అనుకొని తొక్కుకుంటూ పోయాను.

గంట

పొద్దున గాలి ఆకు కూడా కదలనంతగా స్తంభించింది. మబ్బు పట్టి ఉంది. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్యన ఈ నేల. నేను, పెద్దాయన కల్వర్టు మీద నిలబడ్డాం. ఒక్కొక్క చేనే అంటుకుంది. తెల్లటి చిక్కటి పొగ కొంచెం పైకి లేచి, ఇక పోలేక పక్కకు పరుచుకుంది. పల్లానికి దిగింది. బడి పెంకులు చూస్తుండగానే మాయమయ్యాయి.

"ఇదయ్యా పనంటే" అన్నాడు పెద్దాయన, నా భుజం తట్టి.

నాకు పొంగిపోయినట్టయింది. ఆ తట్టిన చోటు ఇప్పటికీ తెలుస్తుంటుంది.

అప్పుడు గంట మోగింది. బడి వరండాలో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఎవరో ఆపకుండా కొడుతున్నారు.

"ఏమిటా గంట?" అన్నాడు పెద్దాయన.

"బడి గంట సార్" అన్నాను.

బడికి వేసవి సెలవులు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకు తెలియదు. ఆయన తల ఊపి జీపెక్కాడు. జీపు నంద్యాల వైపు కదిలి, దుమ్ము లేపుకుంటూ పోయింది. అది ఆళ్ళగడ్డ ఆసుపత్రి ముందునుంచే వెళ్ళే దారి.

జీపు కనుమరుగయ్యాక పరుగెత్తాను. రెడ్డి చేను గట్టు మీద వాళ్ళు ఎదురొచ్చారు. దేవదానం, ఇంకో ముగ్గురు, మంచం మీద రూతమ్మ. ఆమె కూర్చోవడానికి ప్రయత్నిస్తున్నది. నోరు తెరుచుకొని ఉంది గాని గాలి లోపలికి పోవడం లేదు. దేవదానం నన్ను చూశాడు.

"జీపు సార్. జీపు ఉండిందే ఈడ" అన్నాడు.

"వెళ్ళిపోయింది" అన్నాను.

ఎద్దుల బండి కట్టేసరికి ఎంతసేపో పట్టింది. నేను బండి పక్కనే నడిచాను. ఆళ్ళగడ్డ ఇంకా కొంత దూరం ఉండగానే ఆమె చెయ్యి దేవదానం చేతిలో నుంచి జారింది. ఎవరూ బండి ఆపలేదు. ఆసుపత్రి దాకా అలాగే పోయాం.

తిరుపాలమ్మ పెరడు

రెండు వారాలు నేను ఆ ఊరి ముఖం చూడలేదు. తర్వాత రెడ్డి కబురంపితే వెళ్ళాను. ఆయన చేలో ఉన్నాడు, భార్య తిరుపాలమ్మ పెరట్లో రొట్టెలు కాలుస్తున్నది. కూర్చోమని పీట వేసింది. కూర్చుని తల ఎత్తితే, వెనక గోడకు ఆనించి చూరు దాకా పత్తికట్టె. ఒక్క పుల్ల కాలలేదు. ఎండు కాయలు అలాగే కట్టెను పట్టుకొని వేలాడుతున్నాయి.

"ఏందమ్మా ఇది? ఆ రోజు చేలో కాల్చింది ఏమిటి మరి?"

ఆమె రొట్టె తిప్పుతూనే చెప్పింది. "కొట్టం మీది పాత బోద, తడిసిన చొప్ప, గడ్డీ గాదం. నీకు పొగ గావాలంటివి, పొగ పెట్టినాం. కట్టె కాలిస్తే ఏడాదంతా నీ కాగితాలు పెట్టి వండాల్నా నేను? మా ఇల్లొకటే కాదు, ఏ ఇంటికన్నా పోయి సూడు."

లేచి ఒక కాయ తెంపి పగలగొట్టాను. లోపల గింజను కరుచుకొని గులాబిరంగు పురుగు. బతికే ఉంది. ఇంకొకటి పగలగొట్టాను. అందులోనూ ఉంది.

"మరి ఈ పురుగును ఏం చేయాలమ్మా?" అన్నాను. ఆ ఉద్యోగంలో చేరాక నేను ఒక ఆడమనిషిని అడిగిన మొదటి ప్రశ్న అది.

"గొర్రెలను తోలితే సరి. కట్టె పీకకముందే మందను చేలోకి ఇడిస్తే కాయా కసురూ ఒక్కటి మిగల్చవు. కట్టె మాకుంటాది, ఎరువు చేనికుంటాది. మా నాయన ఊర్లో అట్లే జేస్తారు." పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ అన్నది. "ముందే అడిగింటే చెప్పనా సారూ? పాపం ఆయమ్మ."

ఆమె కళ్ళు తుడుచుకున్నది. పొగకో, ఎందుకో. నేను రొట్టె తినకుండానే లేచి వచ్చాను.

మరుసటి ఏడు గొర్రెలవాళ్ళ వెంట తిరిగాను. ఏ చేలో ఏ మంద ఎప్పుడు దిగాలో వాళ్ళతో కూర్చుని మాట్లాడుకున్నాం. పురుగు తగ్గింది, రెండేళ్ళలో బాగా తగ్గింది. కల్వర్టు మీద పెద్దాయన, "పొగ ఏదయ్యా? నిద్రపోతున్నావా?" అన్నాడు. చేలోకి దిగి చూడమన్నాను. మోకాలు చూపించాడు. ఆ ఏడు నా రిపోర్టులో మంచి మాట రాయలేదు. మొదటిసారి నాకు ఆ సంగతి పట్టలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

పై నుంచి ఏ ఉత్తర్వు వచ్చినా దాన్ని ఎవరి ఇంట్లో ఎవరు మోయాలో చూడండి. చేను చూసినంత మాత్రాన చాలదు, పెరట్లోకి వెళ్ళండి. రోడ్డు మీద నుంచి కనిపించేది మీ పని కాదు, మీ వేషం. పొగ పెట్టించే ముందు పల్లంలో ఎవరున్నారో వెళ్ళి నిలబడి చూడండి. రేపు మీరు కాల్చొద్దని చెప్పేవాళ్ళు కావచ్చు, అప్పుడు కూడా ఇదే. ఎద్దు కాలు ఏమవుతుందని అడిగిన రైతుకు జవాబు ఉంటేనే నోరు విప్పండి.

ఇవన్నీ మంచి మాటలే. రాస్తుంటే నాకే కోపం వస్తున్నది. ఇవి తెలిసి ఉంటే ఆ సాయంకాలం మలుపు తిరిగేవాణ్ణా? ఏమో. చెయ్యి వేసి ఇచ్చిన మాట నాకు గుర్తుంది, ఆమె కుట్టిన గుండీ చొక్కాకే ఉంది. నాకు తెలియక చేసింది ఆ కట్టె సంగతి ఒక్కటే. మలుపు దగ్గర తెలిసే పోయాను. గంట మోగినప్పుడు తెలిసే అబద్ధమాడాను.

ఆఖరు రోజు

1960లో నాకు కడపకు బదిలీ అయింది. చాగలమర్రి మీదుగా పోయే బస్సు కోసం ఆళ్ళగడ్డలో నిలబడ్డాను. దేవదానం వచ్చాడు. ఎవరో చెప్పారట. మనిషి సగమయ్యాడు. చేతిలో చిన్న సీసా, దారిలో తినమని నిమ్మకాయ ఊరగాయ. ఇప్పుడు తానే పెట్టుకుంటున్నానన్నాడు.

కాసేపు ఏవేవో మాట్లాడాం. బస్సు వచ్చింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సార్, మీరు ఆ దినం ఎవురితోనో చెప్పి పంపింటారు. ఆ మనిషి నాకాడికి రాలేదు, అంతే. నేను మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనుకోలా."

నేను బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాను.

"ఒక్కటి అడగాలని ఉండాది. ఆ పొగకు పురుగు సచ్చిందా సార్?"

నాలుగేళ్ళు ఆ ప్రశ్న మోసుకొని తిరిగినట్టున్నాడు. నా కళ్ళలోకే చూస్తున్నాడు. కండక్టరు ఎక్కమని అరుస్తున్నాడు.

"చచ్చింది అయ్యవారూ" అన్నాను.

ఆయన ముఖం కొంచెం తేటపడింది. "అట్లయితే ఊరికే పోలేదు ఆమె" అన్నాడు. సీసా నా చేతిలో పెట్టి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

బడి దాటేటప్పుడు దిగిపోయి, వెనక్కి నడిచి నిజం చెప్పాలనిపించింది. ఆ మలుపు దగ్గర అనిపించింది, కల్వర్టు దాటాక ఇంకా గట్టిగా అనిపించింది. చాగలమర్రిలో బస్సు పావుగంట ఆగింది. ఆళ్ళగడ్డ పోయే బస్సు ఎదురుగానే నిలబడి ఉంది. నేను దిగాను, టీ తాగాను, నా బస్సే మళ్ళీ ఎక్కాను.